‘తిరస్కరించడంలో విఫలమయ్యాం’: ఇది తెలుగేనా?

ప్రశ్న:
స్టాటిస్టిక్స్ లెక్కల చివర రాసే ముగింపు వాక్యం గురించి అడుగుతున్నాను. పి-విలువ (తేడా ఏమీ లేదన్న ఊహే నిజమైతే, ఇంత లేదా అంతకు మించిన తేడా యాదృచ్ఛికంగా కనిపించే సంభావ్యత) 0.05 దాటినప్పుడు కొందరు ‘శూన్య పరికల్పనను (అంటే ఆ ఊహను) అంగీకరిస్తున్నాం’ అని రాస్తారు, కొందరు ‘తిరస్కరించడంలో విఫలమయ్యాం’ అంటారు. మొదటిది తప్పట. రెండోది చదువుతుంటే పరీక్ష మనమే తప్పినట్టుంది. ఏది రాయాలండీ?

జవాబు:
రెండోది తెలుగు లిపిలో ఉన్న ఇంగ్లీషేనండీ. మనకు ‘విఫలమవడం’ అంటే ప్రయత్నం బెడిసికొట్టడం. ఇక్కడ బెడిసిందేమీ లేదు, ఆధారం సరిపోలేదు, అంతే. ‘తోసిపుచ్చడానికి ఆధారం చాలలేదు’ అనండి. ఇంకొంత డేటా ఉంటే చాలేదేమో అన్న ధ్వని కూడా ‘చాలలేదు’లోనే ఉంది.

‘అంగీకరిస్తున్నాం’ ఎందుకు కుదరదో వ్యాకరణం కంటే లెక్కే బాగా చెబుతుంది. నాణేన్ని 100 సార్లు ఎగరేస్తే 58 సార్లు బొమ్మ పడిందనుకుందాం. శూన్య పరికల్పన: బొమ్మ పడే అనుపాతం 0.5. ప్రామాణిక దోషం (శాంపిల్ నుంచి శాంపిల్‌కి అనుపాతం మామూలుగా ఎంత ఊగుతుందో చెప్పే కొలత) కోసం 0.5ని 0.5తో గుణించి, 100తో భాగించి, వర్గమూలం తీస్తే 0.05. తేడా 0.08 కనుక జెడ్ విలువ (తేడా ప్రామాణిక దోషానికి ఎన్ని రెట్లో చెప్పేది) 1.6, రెండు వైపులా కలిపి పి-విలువ సుమారు 0.11. తోసిపుచ్చలేం. ఇప్పుడు అదే 58 బొమ్మలతో ‘అనుపాతం 0.6’ అన్న పరికల్పనను పరీక్షించండి. ప్రామాణిక దోషం 0.049, జెడ్ విలువ −0.41. దీన్నీ తోసిపుచ్చలేం! అంగీకరించేవాళ్లు ఒకే నాణేనికి 0.5నీ, 0.6నీ రెండింటినీ అంగీకరించాల్సి వస్తుంది. నిజానికి 95 శాతం కాన్ఫిడెన్స్ ఇంటర్వల్ (అసలు అనుపాతానికి ఈ డేటాతో పొసిగే విలువల పరిధి) 0.48 నుంచి 0.68 దాకా ఉంది. అంత వెడల్పున్నప్పుడు ఒక్క 0.5నే పట్టుకుని ‘ఇదే నిజం’ అనడం ఎలా?

అదే 58 శాతం 400 ఎగరేతల్లో వస్తే (232 బొమ్మలు) ప్రామాణిక దోషం 0.025కి దిగుతుంది, జెడ్ విలువ 3.2 అవుతుంది. అప్పుడు ఆధారం చాలింది.

ఒక జాగ్రత్త: ప్రామాణిక దోషంలో వేయాల్సింది పరికల్పనలోని 0.5, శాంపిల్‌లో వచ్చిన 0.58 కాదు. 0.58 కాన్ఫిడెన్స్ ఇంటర్వల్‌కి. ఈ రెండూ కలిపేయడమే ఎక్కువమంది చేసే పొరపాటు.

ఇంకొకరు:
‘అంగీకరించు’ను పూర్తిగా విద్యార్థుల మీదికి నెట్టేయకండి. 1933లో గణాంక శాస్త్రవేత్తలు నేమన్, పియర్సన్‌లు పరీక్షను ఒక నిర్ణయ సూత్రంగా చూశారు. వాళ్ల లెక్కలో అంగీకరించడమంటే ‘అది నిజమన్నట్టు నడుచుకోవడం’, నమ్మడం కాదు. మరో గణాంక శాస్త్రవేత్త ఫిషర్ మాత్రం 1935లోనే శూన్య పరికల్పన ఎన్నటికీ రుజువు కాదని, కాదనిపించుకునే అవకాశం మాత్రమే దానికి ఉందని చెప్పాడు. పాఠ్యపుస్తకాలు ఇద్దరినీ కలిపేశాయి, ‘అంగీకరించు’ అన్న పదం మొదటివారి నుంచి వచ్చింది, అర్థం మాత్రం రెండోవారిది ఆశిస్తున్నాం.

‘శూన్య’ అన్న మాట కూడా తప్పుదారి పట్టిస్తుంది. విలువ సున్నా అని కాదు, ‘తేడా ఏమీ లేదు’ అని. సగటు 500 అన్నదీ శూన్య పరికల్పనే.

ప్రశ్న అడిగినవారు:
సగటు లెక్కల్లోనూ ఇదే వాక్యం సరిపోతుందా?

మొదటి జవాబు ఇచ్చినవారు:
సరిపోతుంది. కానీ అక్కడ ప్రశ్నలోని ఒక్క మాట ఫలితాన్నే తిప్పేస్తుంది. 500 గ్రాములని రాసి ఉన్న పొట్లాలు 16 తూచారు: సగటు 496, ప్రామాణిక విచలనం 8. ప్రామాణిక దోషం కోసం 8ని 16 వర్గమూలమైన 4తో భాగిస్తే 2. టి విలువ (విచలనాన్నీ శాంపిల్ నుంచే లెక్కగట్టినప్పుడు జెడ్‌కు బదులు వాడేది) −2.0, డిగ్రీస్ ఆఫ్ ఫ్రీడమ్ (ఇక్కడ పొట్లాల సంఖ్యకు ఒకటి తక్కువ) 15. ప్రశ్నలో ‘500కి తేడాగా ఉందా’ అని ఉంటే, 5 శాతం సార్థకతా స్థాయికి (అంటే పి-విలువ 0.05కి) టి పట్టికలోని హద్దు 2.131, దాటలేదు. ‘500 కంటే తక్కువా’ అని ఉంటే ఒక వైపు హద్దు 1.753, దాటింది. అందుకే పెన్ను పట్టకముందే ప్రశ్నలో ‘తేడా, మారిందా’ ఉందా, ‘తక్కువ, పెరిగిందా’ ఉందా చూడాలి. డేటా చూశాక వైపు ఎంచుకోవడం తొండాట. ఇక టి పట్టికకు బదులు అలవాటుగా జెడ్ పట్టికలోని 1.96 వాడేస్తే మొదటి ప్రశ్నకే ‘తోసిపుచ్చాం’ అని తప్పు జవాబొస్తుంది. విచలనం 16 పొట్లాల నుంచే లెక్కగట్టాం కనుక టి పట్టికే చూడాలి, పొట్లాల బరువులు మరీ ఒక పక్కకే ఒరిగిపోకపోతే.

పూర్తి వాక్యం ఇలా రాయొచ్చు: ‘5 శాతం సార్థకతా స్థాయిలో, సగటు బరువు 500 గ్రాములకు భిన్నంగా ఉందని చెప్పడానికి ఈ 16 పొట్లాల ఆధారం చాలలేదు (పి-విలువ 0.064).’ ‘సగటు 500 గ్రాములే’ అని మాత్రం తోక తగిలించకండి, మార్కులు పోయేది అక్కడే.

ఇంకొకరు:
‘సార్థకం’ పక్కన కుండలీకరణాల్లో ‘ముఖ్యం’ అని రాసేవారికీ ఒక మాట. 10,000 ఎగరేతల్లో 5,100 బొమ్మలొస్తే జెడ్ విలువ 2.0, పి-విలువ 0.0455. 0.05 లోపే కనుక సార్థకమే. తేడా మాత్రం నూటికి ఒకటి. అది ముఖ్యమా కాదా అన్నది ఆ నాణెంతో మీరేం చేయబోతున్నారన్న దాన్నిబట్టి ఉంటుంది, జెడ్ పట్టికలో దొరకదు.