పెద్దాయన మాటలకి కొత్తవాళ్లు గ్రూపు వదిలిపోతున్నారు, ఎలా చెప్పాలి?

అందరికీ నమస్కారం. టెలిస్కోపుతో ఆకాశం చూసే సరదా ఉన్నవాళ్ల కోసం టెలిగ్రామ్‌లో ఒక గ్రూపు నడుపుతున్నాం. సుమారు 400 మంది ఉన్నాం, అడ్మిన్లం ఇద్దరమే.

పోయిన వారం ఒకమ్మాయి మొదటిసారి శనిగ్రహాన్ని చూసి, కన్ను పెట్టి చూసే ఐపీస్‌కి ఫోను ఆనించి ఫొటో తీసి పెట్టింది. వెలుగు ఎక్కువై వలయాలు గ్రహంలో కలిసిపోయాయి, కోడిగుడ్డులా వచ్చింది. దాని కింద మా పెద్దాయన ఒకరు "ఇలాంటివి పెట్టేముందు కాస్త నేర్చుకుని రండి" అని రాశారు. పది నిమిషాల్లో ఆ ఫొటో తీసేసింది. తెల్లారేసరికి గ్రూపులోనే లేదు. ఎక్స్‌పోజర్ కొంచెం తగ్గించి చూడమ్మా అంటే సరిపోయేది కదా! నాకు ఆ రాత్రంతా మనసు మనసులో లేదు.

చిక్కేమిటంటే ఆయనంత తెలిసినవాళ్లు మాలో ఇంకొకరు లేరు. న్యూటోనియన్ టెలిస్కోపులో రెండు అద్దాలూ ఒక వరుసలోకి తెచ్చుకోవడం నాకు నేర్పింది ఆయనే, అర్ధరాత్రి గంటన్నరసేపు ఓపిగ్గా.

రూల్స్ పిన్ చేశాం. స్లో మోడ్ కూడా పెట్టి చూశాం. ఒకరి మెసేజ్‌కీ మెసేజ్‌కీ మధ్య కొన్ని సెకన్ల నుంచి గంట వరకు ఆపొచ్చు. వాదనలు చల్లారాయి గానీ, ఒక్క మాటతో గుచ్చేవాళ్లని అదేం ఆపుతుంది?

ఇలాంటి గ్రూపులు నడిపినవాళ్లు దయచేసి చెప్పండి. వయసులో పెద్ద, పైగా నాకు నేర్పిన మనిషి, ఆయనతో విడిగా మాట ఎలా ఎత్తాలి? కొత్తవాళ్ల కోసం వేరే టాపిక్ తెరిచి ఆ బాధ్యత ఆయనకే అప్పగిస్తే మెత్తబడతారా, వ్యవహారం ఇంకా ముదురుతుందా? వెళ్లిపోయిన అమ్మాయికి నేను మెసేజ్ చేస్తే ఇబ్బంది పడుతుందా?