‘పొడి’ రాలితే తల పొడిబారినట్టేనా? చుండు, పొట్టు మాటల మీద చర్చ

తిరుపతి (పోస్టు పెట్టినవారు):

అందరికీ నమస్కారం. నేను తిరుపతిలో మందుల షాపులో పని చేస్తాను. కౌంటర్ దగ్గర రోజూ వినే ఒక మాట గురించి గ్రూపులో పెద్దలను అడగాలని ఈ పోస్టు.

"తలలోంచి పొడి రాలుతోంది, చుండు షాంపూ ఇవ్వమ్మా" అంటూ వస్తారు. చాలామంది ఆ వెంటనే ఇంకో మాట కలుపుతారు. "తల బాగా పొడిబారిపోయింది. రోజూ రాత్రి నూనె దట్టించినా తగ్గడం లేదు." నాకు అనుమానం వచ్చింది ఇక్కడే. మనకు పిండిలా ఉండేదీ పొడే, తడి లేనిదీ పొడే. కందిపొడీ పొడే, పొడిబట్టా పొడే. రాలేది పొడి కాబట్టి తల కూడా పొడిగా ఉందనీ, దానికి విరుగుడు నూనేననీ ఆ మాటే మన చేత అనిపిస్తోంది.

చుండు సంగతి దీనికి పూర్తిగా తలకిందులు. అది జిడ్డున్న తలలో వచ్చేది. మలసీజియా అనే ఈస్టు (కంటికి కనిపించని ఒక రకం శిలీంధ్రం) పెద్దవాళ్ళందరి తల చర్మం మీదా ఉంటుంది. చర్మంలోంచి ఊరే జిడ్డే దాని తిండి. ఆ జిడ్డును అది విడగొట్టినప్పుడు ఓలియిక్ ఆమ్లం లాంటివి మిగులుతాయి. కొందరి చర్మానికి అవి పడవు. దురద పుడుతుంది, పైచర్మం మామూలు కంటే తొందరగా తయారై పొరలు పొరలుగా ఊడుతుంది. జిడ్డు గ్రంథులు వయసొచ్చాకే జోరందుకుంటాయి కాబట్టి చుండు కూడా ఎక్కువగా అప్పటి నుంచే మొదలవుతుంది. ల్యాబుల్లో ఈ ఈస్టును పెంచాలంటే ఆలివ్ నూనె కలుపుతారు. ఇక రాత్రంతా తలకు నూనె పట్టించి పడుకుంటే ఏమవుతుందో మీరే చెప్పండి.

నిజంగా ఎండిపోయిన తల వేరు. అక్కడ జిడ్డూ తేమా తగ్గి చర్మం బిగుసుకుపోతుంది. సన్నటి తెల్లటి రేణువులు రాలుతాయి. చూడటానికి రెండూ భుజాల మీద తెల్లగానే కనిపిస్తాయి, చేయాల్సింది మాత్రం వేరువేరు. ఈ రెండోదానికి మన చిత్తూరు, తిరుపతి వైపు వేరే మాట ఏమైనా ఉందా? కౌంటర్ దగ్గర ఒక్క మాటతో తేడా చెప్పగలిగితే నాకు చాలా ఉపయోగం.

పుత్తూరు:

మా అమ్మమ్మ వాడుకలో తేడా ఉండేదమ్మా. గోటితో గీకితే మైనంలా గోట్లోకి వచ్చేదాన్నే ఆమె చుండు అనేది. దువ్వగానే ఊరికే ఎగిరిపోయేదాన్ని పొట్టు అనేది. "చలికి నెత్తిన పొట్టు లేస్తా ఉంది" అనడం నాకు బాగా గుర్తు. ఊళ్ళో అందరూ అలాగే అనేవారో లేదో చెప్పలేను, మా ఇంట్లో మాత్రం అంతే.

తిరుపతి:

గోట్లోకి వచ్చేది చుండు! ఇంతకంటే మంచి గుర్తు నాకు పుస్తకాల్లో కూడా కనిపించలేదు. చుండు పొలుసు కాస్త పెద్దది, పసుపు కలిసిన తెలుపు, జిడ్డుగా వెంట్రుకకూ చర్మానికీ అతుక్కుని ఉంటుంది. వేళ్ళ మధ్య నలిపితే మెత్తగా అణుగుతుంది. పొట్టు అయితే చిట్లి రాలిపోతుంది. పొట్టు అనే మాట నేను ఈ రోజు నుంచే వాడతాను.

పీలేరు (తెలుగు పండితులు, విశ్రాంత):

పొట్టు అనే పోలిక మనవాళ్ళదే కాదు. వైద్యులు చుండును పిటిరియాసిస్ అని కూడా అన్నారు. గ్రీకులో పిటిరాన్ అంటే తవుడు. మీరు చెప్పిన ఈస్టులో ఒక జాతి పేరు మలసీజియా ఫర్ఫర్. లాటిన్‌లో ఫర్ఫర్ అన్నా తవుడే. 1874లో దీన్ని పొలుసుల్లో గమనించి వివరించిన ఫ్రెంచి శాస్త్రవేత్త మలసే పేరే ఆ మొదటి మాటకు ఆధారం. ధాన్యం దంచుకుని తిన్న జనం ఎక్కడున్నా తల మీద రాలేదాన్ని చూసి దంపుడు దగ్గర రాలేదాన్నే తలుచుకున్నారన్నమాట.

సంస్కృతంలో మాట దారుణకం. ఆయుర్వేద గ్రంథమైన సుశ్రుత సంహిత నిదానస్థానంలో క్షుద్రరోగాల, అంటే చిన్న రోగాల, మధ్య వస్తుంది. కేశభూమి గట్టిపడి, దురద పెట్టి, రూక్షమై (అంటే ఎండి గరుకై), పగులుతుందని లక్షణం. కారణం కఫవాతాలని చెప్పారు. ఇందులో దురదా ఉంది, రూక్షతా ఉంది. అంటే మీరు వేరు చేయమంటున్న రెండింటినీ ఆ మాట ఒకే చోట కట్టేసింది. కాబట్టి దారుణకాన్ని తెచ్చి చుండుకు సరిసమానం అని నిఘంటువులో రాసేయడం నాకు సమ్మతం కాదు. అయితే తల చర్మానికి ‘కేశభూమి’ అన్న పేరు ఎంత బాగుందో చూడండి.

నగరి:

మా ఇంట్లో తెలుగూ తమిళమూ రెండూ నడుస్తాయి. తమిళంలో చుండును పొడుగు అంటారు. తెలుగులో పొడుగు అంటే తెలిసిందే కదా. మా వీధి అంగట్లో కొత్తగా చేరిన కుర్రాడిని ఒక పెద్దావిడ "పొడుగు షాంపూ" అడిగితే, జుట్టు పొడుగ్గా పెరిగే నూనె సీసా తీసిచ్చాడు. ఆమె ఇంటికి పోయి పట్టించుకుని ఉంటే పోస్టులో మీరు చెప్పిందే జరిగేది. పక్కన నేనుండబట్టి సర్దాను.

తిరుపతి:

నగరి అన్నా, ఇది మాకూ అవసరమైన సంగతే. కొండకు వచ్చే తమిళనాడు వాళ్ళు మా షాపుకూ వస్తారు. మా షాపులో పని చేసే పిల్లలకు ఈ మాట చెప్పి ఉంచుతాను.

మదనపల్లె:

అక్కా, మాటల సంగతి బాగుంది కానీ నాకు మందు సంగతి కావాలి. మాకు చలి ఎక్కువ. కార్తీకం దాటాక నాకు తలలో పొట్టు మొదలవుతుంది. సలసలా కాగిన నీళ్ళతో రోజూ తలకు పోసుకుంటాను. చేతుల మీద గోటితో గీస్తే తెల్లగా గీత పడుతుంది. టీవీలో చూసి చుండు షాంపూ కొన్నాను, ఇంకా ఎక్కువైంది. ఆఫీసులో నల్ల చీర కట్టుకోవాలంటే టెన్షన్.

తిరుపతి:

చేతుల మీద గీత పడుతోందన్నారు చూడండి, అదే అసలు ఆనవాలు. ఒళ్ళంతా ఎండినప్పుడు తల కూడా ఎండుతుంది. మీరు చెప్పినదాన్ని బట్టి ఇది పొట్టులాగే ఉంది. ముందు నీళ్ళ వేడి తగ్గించండి, గోరువెచ్చగా చాలు. రోజూ వద్దు, వారానికి రెండుసార్లు పోసుకోండి. షాంపూ ఘాటు లేనిది, వాసన తక్కువున్నది తీసుకోండి. సీసా మీద సల్ఫేట్ లేదని ఉంటే మేలు. చుండు షాంపూలు కొన్ని చర్మాన్ని ఇంకా ఎండగడతాయి. సాలిసిలిక్ ఆమ్లం ఉన్నవి మరీను. మీకు పడకపోవడానికి అదే కారణమై ఉండొచ్చు. మీలాంటి తలకు మాత్రం కొబ్బరినూనె మంచిదే. పోసుకునే ముందు కాసేపు పట్టించి కడిగేయండి.

ఇక నిజంగా చుండు ఉన్నవాళ్ళ సంగతి. వీళ్ళు సీసా ముందు వైపున్న బొమ్మను కాదు, వెనక చిన్న అక్షరాల్లో ఉన్న మందు పేరును చూడాలి. కీటోకోనజోల్ 2 శాతం ఉన్నది ఈస్టు మీద నేరుగా పని చేస్తుంది. మామూలుగా వారానికి రెండుసార్లు, 2 నుంచి 4 వారాలు వాడతారు. తగ్గాక మళ్ళీ రాకుండా వారానికో రెండు వారాలకో ఒకసారి. జింక్ పైరిథియోన్, సెలీనియం సల్ఫైడ్ కూడా ఈస్టును అదుపు చేసేవే. సెలీనియం వాడేటప్పుడు నగలు తీసి పక్కన పెట్టండి, రంగు వేసుకున్న జుట్టయితే బాగా కడగండి. సాలిసిలిక్ ఆమ్లం పొలుసును వదులు చేసి ఊడదీస్తుంది, పొర మందంగా కట్టినవాళ్ళకు అది పనికొస్తుంది. నెల రోజులు సరిగ్గా వాడినా తేడా లేకపోతే అదే మందున్న ఇంకో కంపెనీ సీసా కొనడం దండగ, మందే మార్చాలి.

ఎక్కువమంది చేయని పని ఒకటుంది. నురగ రాగానే కడిగేస్తారు. మందు చర్మం మీద 3 నుంచి 5 నిమిషాలు నిలవాలి. ఆ తర్వాతే నీళ్ళు పోయాలి.

చిత్తూరు:

కుంకుడుకాయ, సీకాయ ఉండగా ఈ సీసాలన్నీ ఎందుకక్కా? మా నాయనమ్మ జీవితాంతం కుంకుడుతోనే పోసుకుంది. తలంటు అనే మాట ఉన్న భాష మనది.

తిరుపతి:

కుంకుడును నేను తక్కువ చేయను తమ్ముడూ. దానిలోని సాపోనిన్లు జిడ్డును చక్కగా లాగేస్తాయి. జిడ్డు పోతే తేలికపాటి చుండు కొంత సర్దుకుంటుంది కూడా. కానీ ముదిరిన చుండుకు ఈస్టును అణిచే మందు కావాలి. పొట్టు లేచే తలకు కుంకుడు ఎక్కువైతే ఇంకా ఎండుతుంది. ఇంకో సంగతి, మన వైపు చాలా ఇళ్ళల్లో బోరునీళ్ళు ఉప్పుగా ఉంటాయి. ఆ నీళ్ళలో ఒంటి సబ్బుతో తల రుద్దితే తెల్లటి మడ్డి వెంట్రుకలకు పట్టేస్తుంది. దాన్ని చూసి కూడా చుండు అంటారు. సబ్బు మానేస్తే అది పోతుంది.

పీలేరు:

చిత్తూరు నాయనా, తలంటులో అంటడం అంటే నూనె పట్టించి రుద్దడం. షాంపూ అనే మాట కూడా హిందీ ‘చాంపో’ నుంచే ఇంగ్లీషులోకి పోయింది, ఒత్తు, మర్దించు అని అర్థం. రెండు మాటల్లోనూ అసలు పని వేళ్ళదే. సీసానైనా కుంకుడునైనా చర్మానికి చేరేలా రుద్దాలని పాత మాటలే చెబుతున్నాయి.

శ్రీకాళహస్తి:

మా పాపకు ఐదేళ్ళు. కొండ మీద గుండు చేయించి గంధం పూయించాము. తర్వాత నెత్తి మీద తెల్లగా పొరలు లేస్తున్నాయి. అత్తగారు చుండు అంటున్నారు. షాంపూ తేవాలా?

తిరుపతి:

ఐదేళ్ళ పిల్లకు చుండు తక్కువే అమ్మా. తలనీలాలు ఇచ్చాక అంతవరకూ జుట్టు చాటున ఉన్న చర్మం ఒక్కసారిగా ఎండకు తగులుతుంది. ఎండ దెబ్బకు పైపొర ఊడవచ్చు. ఆరిన గంధం కూడా పెచ్చులుగా రాలుతుంది. టోపీ పెట్టండి, మెత్తగా కడగండి, చాలావరకు దానంతట అదే పోతుంది. మందు షాంపూ మీ అంతట మీరు వేయకండి. అయితే గుండ్రటి మచ్చగా ఒకచోటే పొలుసు కట్టినా, అక్కడ జుట్టు మొలవకపోయినా, రసి కారినా అది తామర కావచ్చు. దానికి షాంపూ ఒక్కటే చాలదు, డాక్టరు నోటి మాత్రలు ఇవ్వాల్సి ఉంటుంది. చర్మం డాక్టరుకు చూపించండి.

పెద్దవాళ్ళకూ ఒక మాట. వెండి రంగు మందపాటి పొరలు నుదుటి అంచు దాటి వస్తున్నా, మోచేతుల మీదా మోకాళ్ళ మీదా అలాగే ఉన్నా సోరియాసిస్ అని అనుమానించాలి. ముక్కు పక్కన, కనుబొమల్లో, చెవుల వెనక ఎర్రగా జిడ్డు పొలుసు ఉంటే అది చుండుకు పెద్దన్న లాంటి సెబోరిక్ డెర్మటైటిస్. జుట్టుకు రంగు వేసిన తర్వాత దురద, మంట మొదలైతే ఆ రంగు పడలేదేమో చూసుకోవాలి. వీటికి కౌంటర్ దగ్గర నేనిచ్చే సీసా సరిపోదు.

పుత్తూరు:

బడి పిల్లల తల్లులు ఈపిని చూసి చుండు అనుకోవడం కూడా ఉంది.

తిరుపతి:

అవును. ఈపి వెంట్రుకకు గట్టిగా అంటుకుని ఉంటుంది, ఊదినా దులిపినా కదలదు. చుండైనా పొట్టైనా వేలితో లాగితే జారి వచ్చేస్తుంది.

ఇంత చెప్పారు కాబట్టి ఒక సాయం చేయండి. షాపులో అంటించడానికి చిన్న కాగితం రాశాను, తెలుగు సరిచూడండి: "గోట్లోకి జిడ్డుగా వచ్చేది చుండు. దులిపితే ఎగిరేది పొట్టు. చుండుకు మందు షాంపూ. పొట్టుకు మెత్తని షాంపూ, గోరువెచ్చని నీళ్ళు. మందు షాంపూను తలకు పట్టించి 5 నిమిషాలు ఉంచి కడగండి."

పీలేరు:

‘తలకు పట్టించి’ అంటే మనవాళ్ళు జుట్టంతా పూసుకుంటారు. ‘మాడుకు’ అని రాస్తే నడినెత్తిన పోసి ఊరుకుంటారు. చెవుల వెనకా మెడ పైనా మిగిలిపోతుంది. ‘కుదుళ్ళకు పట్టించి’ అని రాయండి. మందు చేరాల్సిన చోటు అదే కదా.

నగరి:

కింద తమిళంలో పొడుగు అని కూడా ఒక ముక్క రాయించండి. కావాలంటే నేను రాసి పంపుతాను.

తిరుపతి:

‘కుదుళ్ళకు’ అని మార్చాను సార్. నగరి అన్నా, తమిళం ముక్క ఈ రాత్రికి పంపండి, రేపు పొద్దున ప్రింటు తీయిస్తాను.