పల్లీలు నమిలితే ఒక లెక్క, నూరితే ఇంకో లెక్కనా?

హనుమకొండ బిడ్డ: మా బాపుకి కొలెస్ట్రాల్ ఉందని డాక్టర్ కొవ్వు తగ్గించమన్నడు, అప్పటినుంచి ఇంట్లో పల్లీల మీదనే పంచాయితీ. ఏనుమాముల మార్కెట్‌కు కొత్త పల్లి వచ్చిందంటే బస్తా ఇంటికి రావాల్సిందే. బాపు ఏమంటడంటే, వేయించిన పల్లీలు నమిలి తింటే ఏం కాదట, అవే పల్లీలు పచ్చడి నూరితే మాత్రం కొవ్వంట! నూరినంత మాత్రాన నూనె పెరుగుతదా?

కరీంనగర్ ఫుడ్‌టెక్: నూనె పెరగదు, ఒంటికి పట్టేది పెరుగుతుంది. మీ బాపు మాటలో కొంత నిజముంది. పల్లీ బరువులో దాదాపు సగం నూనే, కానీ అదంతా చిన్న చిన్న బొట్లుగా కణాల లోపల ఉంటుంది. ఆ కణాల గోడలు పీచు, వాటిని కరిగించే ఎంజైమ్ మనిషికి లేదు. పంటి కింద పగిలిన కణాల నూనె బయటికొచ్చి అరుగుతుంది, పగలనివాటిలో కొంత మలంలోనే పోతుంది. 1980లో అమెరికాలో పల్లీలు, పల్లీ ముద్ద, పల్లీ నూనె వేర్వేరుగా తినిపించి చూస్తే, మలంలో ఎక్కువ కొవ్వు పోయింది పల్లీలు తిన్నప్పుడే. బాదంతో కూడా చూశారు: 28 గ్రాములకు 170 కేలరీలని లెక్క, ఒంటికి అందింది 129.

కాజీపేట ప్యాసింజర్: మరి ప్యాకెట్ పాలు? మీగడే కట్టవు, ఆ కొవ్వంతా ఎటు పోతుంది?

కరీంనగర్ ఫుడ్‌టెక్: ఎటూ పోదు అన్నా, పాలలోనే ఉంటుంది. మామూలు పాలలో కొవ్వు బొట్టు సగటున 4 మైక్రాన్లు (మైక్రాన్ అంటే మిల్లీమీటర్‌లో వెయ్యో వంతు), హోమోజినైజ్ చేస్తే, అంటే ఒత్తిడితో బొట్లను పగలగొడితే, ఒక మైక్రాన్‌కంటే చిన్నదవుతుంది, అందుకే పైకి తేలదు. కొవ్వును విడగొట్టే లైపేజ్ బొట్టు పైపొర మీదే పనిచేస్తుంది కాబట్టి బొట్టు ఎంత చిన్నదైతే దానికి అంత చోటు. పేగులో పైత్యరసం చేసేది కూడా ఇదే, పెద్ద బొట్లను చిన్నవి చేయడం. అయితే ఆరోగ్యంగా ఉన్నవాళ్లకు పాల కొవ్వు ఎట్లున్నా దాదాపు అంతా అరుగుతుంది, తేడా వచ్చేది వేగంలోనే. ప్యాకెట్ పాలతో లావైతరని ప్రచారం చేయకండి.

పోచమ్మమైదాన్ పిల్ల: మా అవ్వ సకినాలల్ల నువ్వులు గూడ నమలకపోతే అట్లనే పోతయి, కానీ సకినం పీల్చిన నూనెకు గోడా లేదు గీడా లేదు, మొత్తం ఒంటికే!

హనుమకొండ బిడ్డ: బాపుకి చదివి వినిపించిన. ఇగ ఆగుతలేడు, గిన్నె ముందట పెట్టుకున్నడు.

కరీంనగర్ ఫుడ్‌టెక్: గిన్నె వద్దని చెప్పండి. 30 గ్రాముల పల్లీల్లో దాదాపు 15 గ్రాముల నూనె ఉంటుంది, కొంత పోయినా రెండు టీస్పూన్లకు పైనే లోపలికి పోతుంది. పచ్చడి కూడా పూర్తిగా మానక్కర్లేదు, కచ్చాపచ్చాగా నూరి పోపులో నూనె తగ్గించండి, ఆ పోపు నూనెను ఏ కణం గోడా ఆపదు.