మోయాబ్ (యూటా): పెద్దవాళ్ళతో మూడు రోజులు, వెళ్ళొచ్చినవాళ్ళు చెప్పండి

కందిపొడి_నెయ్యి:
అందరికీ నమస్కారం. గుంటూరు నుంచి అమ్మానాన్న వచ్చి ఉన్నారు. డెన్వర్ నుంచి కారులో మోయాబ్ వెళ్దామనుకుంటున్నాం. మే చివర్లో, మూడు రాత్రులు. నాన్నగారికి 68, మోకాళ్ళు అంతంతమాత్రం. అమ్మ బయట తిండి ముట్టదు. పాపకి ఐదేళ్ళు. "గుంటూరు ఎండ చూసినవాళ్ళం, ఇదో లెక్కా" అంటున్నారు నాన్న. టెన్షన్ నాకే.

రాతికోడి:
గుంటూరు ఎండతో పోల్చకండి. అక్కడ చెమట కారుతుంది కాబట్టి నీళ్ళు తాగాలని గుర్తొస్తుంది. ఇక్కడ చెమట పట్టిన సంగతే తెలీదు, పట్టింది పట్టినట్టే ఆరిపోతుంది. మేం జూలైలో ఊరి పక్కనే ఉన్న ఆర్చెస్ నేషనల్ పార్కులోని రాతి తోరణం, డెలికేట్ ఆర్చ్‌కి పొద్దున పదకొండింటికి బయల్దేరాం. రానూపోనూ మూడు మైళ్ళే కదా అని ధీమా. ఎక్కేది బోడిబండ మీద, నీడ అన్నది లేదు. ముగ్గురికి కలిపి రెండు చిన్న సీసాలు. పైకి చేరేసరికి మా ఆవిడ కళ్ళు తిరిగి కూలబడింది. ఎవరో పెద్దాయన తన నీళ్ళిచ్చి, ఉప్పు బిస్కెట్లు తినిపించాడు. మనిషికి రెండు లీటర్లు పట్టుకెళ్ళమని పార్కు వాళ్ళు చెప్తూనే ఉంటారు. ఆ బోర్డు ముందు ఫొటో దిగాం, చదవలేదంతే.

ఎర్రమట్టి:
మోకాళ్ళ సమస్య ఉంటే డెలికేట్ ఆర్చ్ ఎక్కించొద్దండి. అదే రోడ్డులో ఇంకొంచెం ముందుకెళ్తే కింద నుంచి చూసే చోటు ఉంది, కారు దిగి వంద గజాలు నడిస్తే చాలు. దూరంగా, చిన్నగా కనిపిస్తుంది, నిజమే. యూటా కారు నంబర్ ప్లేట్ల మీద ఉండే బొమ్మ అదేనని చెప్పండి, సంతోషిస్తారు. అసలు పెద్దవాళ్ళకి నచ్చేది అదే పార్కులో విండోస్ అనే తోరణాల వైపు. డబుల్ ఆర్చ్ రానూపోనూ అర మైలు, దాదాపు చదునే. బాలెన్స్‌డ్ రాక్ అయితే కారులోంచే కనిపిస్తుంది.

పార్కులో తిండి దొరకదు. నీళ్ళు విజిటర్ సెంటర్‌లో, చివర డెవిల్స్ గార్డెన్ దగ్గర పట్టుకోవచ్చు. ఫోన్ సిగ్నల్ మీద ఆశ పెట్టుకోకుండా మ్యాప్ ముందే దించుకోండి.

మైలురాయి_88:
రెండు మాటలు. ఒకటి, 2021లో ఆర్చెస్‌కి 18 లక్షల మంది వచ్చారు, పొద్దున ఎనిమిదికే గేటు మూసేసిన రోజులున్నాయి. అందుకే 2022లో టైమ్ స్లాట్ బుకింగ్ పెట్టారు. ఆ నియమాలు మారుతుంటాయి, నా మాటో ఇంకొకరి మాటో నమ్మకుండా బయల్దేరే ముందు పార్కు వెబ్‌సైట్ చూసుకోండి. ఇంకోటి, డెడ్ హార్స్ పాయింట్ స్టేట్ పార్కు. నేషనల్ పార్కుల పాస్ చూపించి గేటు దగ్గర వాదన పెట్టుకున్నాను, వెనక కార్లు హారన్లు కొట్టాయి. అక్కడ పాస్ చెల్లదు, విడిగా కట్టాలి. కట్టినా నష్టం లేదు. రెండు వేల అడుగుల కింద కొలరాడో నది మెలిక తిరుగుతుంటే, అంచున గోడ పట్టుకుని చూడ్డమే. నడక లేదు.

జీపు_పిచ్చి:
బ్రదర్, మోయాబ్ వెళ్ళి షేఫర్ ట్రైల్ దిగకపోతే ఎందుకు? ఏదైనా ఎస్‌యూవీ చాలు, భయపెట్టేవాళ్ళ మాట వినకండి.

ఎర్రమట్టి:
దయచేసి వినకండి. అది పక్కనున్న కాన్యన్‌ల్యాండ్స్ నేషనల్ పార్కులో కొండ అంచున మెలికలు తిరిగే మట్టిరోడ్డు. ఎత్తుగా ఉండే ఫోర్ వీల్ డ్రైవ్ బండి కావాలని పార్కు వాళ్ళే అంటారు. ఇరుక్కుంటే లాగించడానికి వెయ్యి డాలర్లు దాటొచ్చు. అద్దె కారైతే ఒప్పందంలో మట్టిరోడ్లు కుదరవని దాదాపు ఖాయంగా ఉంటుంది. సరదా ఉంటే ఊళ్ళోనే జీపులు అద్దెకిస్తారు, డ్రైవర్‌తో తిప్పేవాళ్ళూ ఉన్నారు. 68 ఏళ్ళాయన్ని కూర్చోబెట్టుకుని ఆ పని ఎందుకండీ?

జీపు_పిచ్చి:
సరే, పెద్దవాళ్ళున్నారని చూసుకోలేదు. వెనక్కి తీసుకుంటున్నా.

వంకాయ_కారం:
డెన్వర్ నుంచి వస్తూ ఐ-70 మీద సిస్కో దగ్గర దిగి 128 రోడ్డు పట్టండి. నలభై నాలుగు మైళ్ళు, చాలాసేపు నది పక్కనే. ఫిషర్ టవర్స్ అనే ఎర్రరాతి స్తంభాలు దారిలోనే. మేం తెలీక 191 మీద పోయి వచ్చేటప్పుడు చూశాం, పాపం అప్పటికి పిల్లలు నిద్ర.

గది గురించి: ఐదు వేల పైచిలుకు జనాభా ఉన్న ఊరు, వారాంతంలో రేట్లు చూస్తే గుండె ఆగుతుంది. పైగా మే చివర మెమోరియల్ డే సెలవు. యాభై మైళ్ళ అవతల గ్రీన్ రివర్‌లో ఉండొచ్చు, కానీ ముసలివాళ్ళతో రోజూ ఆ తిరుగుడు వద్దు. మధ్యాహ్నం గదికొచ్చి పడుకునే వీలుండాలి. రైస్ కుక్కర్ తప్పనిసరి. పెరుగు, కూరగాయలు ఊళ్ళోనే దొరుకుతాయి.

ఒక సంగతి ఎవరూ చెప్పలేదు. మే, జూన్ నెలల్లో నుసుముల్లాంటి పురుగులు చెవుల వెనక, జుట్టులో కుడతాయి. పాపకి సన్నటి వల టోపీ కొనండి.

మైలురాయి_88:
వాన సంగతి కూడా. జూలై, ఆగస్టుల్లో ఎక్కడో కొండ మీద పడితే ఇక్కడ పొడి వాగు ఒక్కసారిగా పొంగుతుంది. 2022 ఆగస్టులో మెయిన్ స్ట్రీట్ మీదే బురద నీళ్ళు పారాయి. మేలో మీకు ఆ భయం తక్కువే.

పాత_గని:
విషయం దారి తప్పిస్తున్నా. ఊరు దాటి ఆర్చెస్ వైపు వెళ్తుంటే నది వంతెన దాటగానే ఎడమ పక్క పెద్ద స్థలం కనిపిస్తుంది. అది పాత యురేనియం మిల్లు చోటు. 1952లో చార్లీ స్టీన్ అనే ఆయనకి దగ్గర్లో యురేనియం తగిలాక ఈ ఊరు దాంతోనే బతికింది. మిల్లు 1984లో మూతపడింది, 1.6 కోట్ల టన్నుల వ్యర్థాలు నది ఒడ్డున మిగిలాయి. 2009లో వాటిని రైల్లో ముప్ఫై మైళ్ళ అవతలికి తరలించే పని మొదలుపెట్టారు. మా నాన్న సింగరేణిలో చేశారు కాబట్టి నేను ఆర్చ్‌ల కన్నా దాన్నే ఎక్కువసేపు చూశాను.

కందిపొడి_నెయ్యి:
వెళ్ళొచ్చాం. అందరికీ థాంక్స్. రోజూ ఐదున్నరకే లేచి, పదింటికల్లా గదికి చేరి, మళ్ళీ సాయంత్రం బయటికి. నుసుముల మాట అక్షరాలా నిజం, టోపీ పాపకే కొన్నాను, నాకు కొనుక్కోలేదు. 128 రోడ్డు మీద అమ్మ మూడుసార్లు కారు ఆపించింది.

ల్యాండ్‌స్కేప్ ఆర్చ్ దగ్గరికి నాన్న పట్టుబట్టి నడిచారు. రానూపోనూ దాదాపు రెండు మైళ్ళు, మధ్యలో నాలుగుసార్లు కూర్చున్నాం. 93 మీటర్ల వెడల్పున్న తోరణం, మధ్యలో మరీ సన్నం. 1991లో అందులోంచి పెద్ద పలక ఊడిపడ్డాక కిందికి పోయే దారి మూసేశారట. నాన్న చాలాసేపు చూసి, "తిరుమల శిలాతోరణం ఎనిమిది మీటర్లు ఉంటుందేమో, దానికి దణ్ణం పెట్టొచ్చాం. దీనికి ఎవరూ పెట్టట్లేదేంటే" అన్నారు. అమ్మ అప్పటికే పెట్టేసింది.

వంకాయ_కారం:
బాగుందండీ. ఇంతకీ కుక్కర్ ఎన్ని కప్పులది పట్టుకెళ్ళారు? మా అత్తగారు వాళ్ళు అక్టోబర్‌లో వస్తున్నారు.