రుచులా, చవులా? ఉప్పు పక్కన లేకుంటే కప్పురం తెలియదా?

బ్రాడీపేట, గుంటూరు: వేమన ‘ఉప్పు కప్పురంబు’ పద్యం రెండో పాదాన్ని మా పెద్దలు ‘చూడఁజూడ చవుల జాడ వేరు’ అని చదివేవారు. అచ్చు పుస్తకాలలో ‘రుచుల’ అని కనిపిస్తున్నది. పాఠం ఏదైనా, నా అసలు సందేహం మరొకటి. పుణ్యపురుషుణ్ణి పోల్చుకోవడానికి పక్కన సామాన్యుడొకడు ఉండి తీరాలని వేమన ఉద్దేశమా?

సత్యనారాయణపురం, విజయవాడ: ఈ తగవును ఛందస్సు తీర్చదు, రెండూ నగణాలే, అంటే మూడేసి లఘువులు. ప్రాసయతి, అంటే రెండో అక్షరాల పొంతన, కుదిరింది ‘చూడ’కూ ‘జాడ’కూ మధ్య కనుక ఆ రెండింటినీ కదపలేము గాని, నడుమనున్న మాటను ఎవరి నోరైనా మార్చవచ్చు. నా ఓటు ‘చవుల’కే. చవిచూడడమనే పలుకుబడి ఉన్నందువల్ల, కంటిచూపుగా మొదలైన ‘చూడ’ నాలుక మీదికి దిగుతుంది.

అరండల్‌పేట, గుంటూరు: అయ్యా, రుచి చూడడం కూడా మన పలుకుబడే కదా! ఆ వాదం రెండు పాఠాలకూ సమానంగా వర్తిస్తుంది.

కృష్ణలంక, విజయవాడ: మీరిద్దరూ ద్విరుక్తిని వదిలేశారు. ‘చూడ’ అని ఒకసారి అని ఊరుకోక ‘చూడఁజూడ’ అనడంలో కాలం ఉన్నది. ‘అనగననగ రాగ మతిశయిల్లుచునుండు’ అన్నవాడే ఇక్కడా ఆ ఎత్తుగడనే వాడాడు. కాబట్టి శ్రేష్ఠత తెలిసేది పోలిక వల్ల కాదు, ఆ వస్తువుతోనే పదేపదే పరిచయం వల్ల. ఉప్పు కేవలం కంటిని మోసగించడానికి వచ్చింది. అయినా ‘అప్పులేనివాడె యధిక సంపన్నుడు’ అన్న పద్యాన్ని ఉప్పుతోనే ఎత్తుకున్న కవి ఉప్పును అధమానికి గుర్తుగా పెడతాడంటే నేను నమ్మలేను.

అరండల్‌పేట: మీరు ఉదహరించిన పద్యంలోని తరువాతి పాదమే మీకు ఎదురు తిరుగుతుంది. తినగ తినగ వేము తియ్యనవుతుందంటే, అలవాటు నాలుకకు వివేకం నేర్పిందనాలా, ఉన్న వివేకాన్ని పోగొట్టిందనాలా? చేదును గుర్తు చేసే మరో రుచి లేనప్పుడే కదా వేపాకు తియ్యనయ్యేది! పోలిక అక్కరలేదనడానికి కాళిదాసు గట్టి సాక్షి. రఘువంశం మొదటి సర్గలో ‘హేమ్నః సంలక్ష్యతే హ్యగ్నౌ విశుద్ధిః శ్యామికాపి వా’ అన్నాడు. బంగారం మేలిమిని నిప్పు తేలుస్తుంది, పక్కన ఇత్తడి పెట్టనక్కరలేదు.

సత్యనారాయణపురం: ఆ శ్లోకం పూర్వార్ధాన్ని మీరు దాటవేశారు. అక్కడ నిప్పు స్థానంలో ఉన్నవారు కావ్యం వినదగిన, సదసద్వివేకం (మంచిచెడుల విచక్షణ) గల సజ్జనులు. అసత్తును ఎన్నడూ వినని శ్రోతకు ఆ వివేకం ఎక్కడి నుంచి వస్తుంది? చెడ్డ కవిత్వం ఎదుట లేకపోవచ్చు గాని, విన్నవాడి జ్ఞాపకంలో ఉండక తప్పదు.

కృష్ణలంక: జ్ఞాపకం ఒక్కటే చాలితే మన జాషువా ‘ఫిరదౌసి’ రాయవలసిన పని ఉండేది కాదు. గజనీ కొలువులో కవులకు కొదవ లేదు, పోల్చి చూడడానికి కావలసినంత సరుకు ఉన్నది. అయినా పారశీక కవి ఫిరదౌసికి బంగారం ఇస్తానన్న ప్రభువు వెండి పంపాడు. వినుకొండ కవి ఆ ఘట్టాన్ని నడిపిన తీరు గురించి రాత్రంతా రాయగలను. ‘రాజు మరణించె నొక తార రాలిపోయె’ అన్న పాదంలోని ‘రాలి’ని తరువాతి పాదంలో కవి మరణం గురించి అన్న ‘గగనమెక్కె’ పూర్తిచేస్తుంది. ఆ రెంటినీ విడదీసి చదివేవారిని చూస్తే నాకు కోపం వస్తుంది.

బ్రాడీపేట: అంటే కవిని పైకెత్తడానికి జాషువాకు కూడా పక్కన ఒక రాజు కావలసి వచ్చాడు కదండీ!

కృష్ణలంక: అది రచనా శిల్పం. గుర్తింపు వేరు, గుర్తించినదాన్ని చెప్పడం వేరు.

అరండల్‌పేట: ఆ తేడా ఒప్పుకుంటే వేమన ఉప్పు కూడా శిల్పమే అవుతుంది, మన చర్చ అంతా వృథా అవుతుంది; నేను ఒప్పుకోను. పైగా కప్పురాన్ని నాలుక కంటే ముందు ముక్కు పట్టిస్తుంది. వాసన వదిలి కవి రుచిని ఎందుకు పట్టుకున్నాడో ఇంతవరకు ఎవరూ చెప్పలేదు.

సత్యనారాయణపురం: ‘జాడ’ అన్న మాటలో వాసన కూడా ఉన్నదని నా అభిప్రాయం, దాన్ని విడిగా రాస్తాను. ఈలోగా బ్రౌను 1829లో అచ్చువేయించిన వేమన పద్యాల ప్రతి ఎవరి వద్దనైనా ఉంటే రెండో పాదం చూసి పాఠం చెప్పండి. ఉప్పు సంగతి తరువాత తేల్చుకుందాం.