పాత ఇటుక గోడల్లో ప్లగ్ పాయింట్లు: గాడి లోతు ఎంత, బాక్సు నిలబడేదెలా?

ప్రశ్న

పాత ఇంటికి వైరింగ్ మొత్తం మారుస్తున్నాం. బయటి గోడలు తొమ్మిదంగుళాలు, లోపలి అడ్డగోడలు నాలుగున్నర అంగుళాలు. ఇటుక గట్టిగానే ఉంది, సున్నపు గచ్చు మాత్రం ముట్టుకుంటే రాలుతోంది. చెక్క పట్టీల మీది పాత వైర్లు తీసేసి గోడలోనే పైపులు వేయాలి. మొదటి పాయింటుకి ఉలితో కొడితే గుంట బాక్సుకి రెట్టింపైంది, పక్క ఇటుక కదిలింది. సిమెంటు పెట్టి బిగించిన బాక్సు మర్నాటికే ఊగుతోంది. ఎక్కడ తప్పు జరుగుతోంది? అడ్డగోడలో ఎంత లోతు కొట్టొచ్చు?

జవాబు 1

ఉలి దెబ్బ ఇటుక మీద ఆగదండీ, సున్నపు అతుకుల్లోకి పోతుంది. అందుకే పక్క ఇటుక కదిలింది. ముందు బాక్సును గోడకి ఆనించి, లెవల్ చూసి, చుట్టూ పెన్సిల్ గీత గీయండి. గీత మీద కటింగ్ మిషన్‌తో నాలుగు వైపులా కోత పెట్టండి. లోపలి భాగంలో 8 మి.మీ. బిట్‌తో దగ్గరదగ్గరగా రంధ్రాలు వేయండి. బిట్‌కి కావలసిన లోతు దగ్గర టేపు చుట్టుకుంటే అన్ని రంధ్రాలూ ఒకే లోతులో ఆగుతాయి. ఆ తర్వాత సన్న ఉలితో మెల్లగా తడితే ముక్కలు ఊడొస్తాయి, అంచు చెదరదు. దుమ్ము విపరీతంగా వస్తుంది కాబట్టి మాస్కు, కళ్లద్దాలు తప్పనిసరి. మెయిన్ ఆపి, కోసే చోట పాత వైరు పోతోందేమో చూశాకే మిషన్ పట్టండి.

లోతుకి లెక్క ఇది: నిలువు గాడి గోడ మందంలో మూడో వంతు దాటకూడదు, అడ్డ గాడి ఆరో వంతు దాటకూడదు. నాలుగున్నర అంగుళాలంటే 115 మి.మీ. అంటే నిలువుగా 38, అడ్డంగా 19 మాత్రమే. 20 మి.మీ. పైపు అడ్డంగా పెడితే పైపు మీద గచ్చు పట్టడానికి చోటే మిగలదు. కాబట్టి అడ్డగోడల్లో అడ్డంగా పైపు వేయొద్దు, పైనుంచి నిలువుగా దించండి. ఒకే చోట గోడకి రెండు వైపులా బాక్సులు ఎదురెదురుగా పెట్టొద్దు, మధ్యలో ఇటుకంటూ మిగలదు. కనీసం ఒక ఇటుక పొడవు పక్కకి జరపండి.

ఐమూలగా గాడి కొట్టడం అసలే వద్దు. పాయింటుకి నేరుగా పైనో పక్కనో వైరు ఉంటుందన్న నమ్మకంతోనే రేపు ఎవరైనా ఆ వరుస తప్పించి మేకు కొడతారు.

జవాబు 2

బాక్సు ఊగడానికి ఎక్కువసార్లు కారణం గుంటలో దుమ్ము, ఎండిన ఇటుక. పాత ఇటుక నీటిని లాగేస్తుంది, సిమెంటు పట్టేలోపే పొడి అయిపోతుంది. గుంటను బ్రష్‌తో శుభ్రం చేసి, రెండుసార్లు నీళ్లు చల్లి, తడి మెరుపు పోయాక పెట్టాలి. అయినా సిమెంటు ఒక్కదాన్నే నమ్ముకోవద్దు. బాక్సు వెనక రెండు రంధ్రాల గుండా ఇటుకలోకే (సున్నపు అతుకులోకి కాదు) స్క్రూ పట్టే ప్లాస్టిక్ ప్లగ్ వేసి స్క్రూ బిగించండి. బాక్సు చుట్టూ ఖాళీని సిమెంటు 1, ఇసుక 3 పాళ్లతో నింపండి.

పైన గచ్చు సున్నంతోనే కట్టండి. సున్నపు గోడ మీద గట్టి సిమెంటు పట్టీ వేస్తే, తడి బయటికి రాలేక అంచుల్లో పగుళ్లు వస్తాయి. గాడి మీద సన్న జాలీ పరిచి గచ్చు పట్టిస్తే పైపు వెంట గీతలా పగలదు. బాక్సులు గాల్వనైజ్డ్ వేయండి, చెమ్మ గోడల్లో మామూలు ఇనుము తుప్పు పడుతుంది.

బాక్సు అంచు పూర్తయిన గచ్చు మట్టానికి సమానంగా రావాలి. బయటికి రెండు మి.మీ. పొడుచుకొచ్చినా ప్లేటు గోడకి ఆనదు. మరీ లోపలికి పోతే స్క్రూ అందక సాకెట్ లోపలికి కుంగుతుంది, ప్లగ్ లాగినప్పుడల్లా కదిలి, కొన్నాళ్లకి కనెక్షన్ వదులై కాలుతుంది. గచ్చు మందం అన్ని చోట్లా ఒకేలా ఉండదు కాబట్టి ప్రతి పాయింటు దగ్గరా విడిగా కొలవండి.

ప్రశ్న అడిగినవారు

వివరంగా చెప్పారు, థాంక్స్. వైర్లు, ఎర్తు సంగతి కూడా చెప్పగలరా? పాత లైన్లో ఎర్తు వైరే లేదు. సాకెట్లో ఎర్తు పిన్నుని న్యూట్రల్‌కి కలిపేస్తే సరిపోతుందని పనివారు అంటున్నారు.

జవాబు 3

వద్దండీ, ప్రాణాపాయం. న్యూట్రల్ ఎక్కడైనా తెగితే, ఆన్ చేసి ఉన్న యంత్రం గుండా ఫేజు అదే న్యూట్రల్ మీదికి వస్తుంది. దానికి ఎర్తు పిన్ను కలిపి ఉంటే ఫ్రిజ్ డొక్కకే కరెంటు ఎక్కుతుంది. ప్రతి సాకెట్‌కీ విడిగా ఎర్తు వైరు డీబీ (ఇంటి సర్క్యూట్లన్నీ విడిపోయే స్విచ్చుల పెట్టె) దాకా లాగండి, లోహపు బాక్సుకి కూడా ఎర్తు కలపండి. డీబీలో 30 మిల్లీఆంపియర్ల ఆర్‌సీసీబీ (కరెంటు లీకైతే వెంటనే లైను ఆపేసే స్విచ్చు) ఉండాలి.

16 ఆంపియర్ల పాయింటుకి 4 చదరపు మి.మీ. రాగి వైరు, మామూలు సాకెట్లకి 2.5 సరిపోతుంది. 2.5 వైరు మీద 16 ఆంపియర్లకి మించిన ఎంసీబీ (లోడు మించితే పడిపోయే స్విచ్చు) పెట్టొద్దు. పైపు 25 మి.మీ. తీసుకుంటే లాగడం తేలిక. రెండు బాక్సుల మధ్య రెండు బెండ్లకి మించనివ్వొద్దు, అవి కూడా పొడుగు వంపువే వేయండి, మూల ఎల్బోల్లో వైరు ఇరుక్కుంటుంది. పైపు బాక్సులోకి దిగే చోట బుష్ (అంచుని కప్పే నున్నటి తొడుగు) వేయకపోతే రేకు అంచు ఇన్సులేషన్‌ని గీరేస్తుంది. బాక్సులో 15 సెం.మీ. వైరు వదలండి. సాకెట్‌కి ఎదురుగా నిలబడి, ఎర్తు రంధ్రం పైన ఉన్నప్పుడు, కుడి వైపు ఫేజు, ఎడమ వైపు న్యూట్రల్.

గచ్చు బాగా ఆరాకే వైర్లు లాగండి. కనెక్షన్లు ఇచ్చే ముందు 500 వోల్టుల మెగ్గర్‌తో (ఇన్సులేషన్ కొలిచే మీటరు) ఫేజు-న్యూట్రల్, ఫేజు-ఎర్తు, న్యూట్రల్-ఎర్తు చూడండి. కనీసం 1 మెగాఓమ్ రావాలి, కొత్త వైరుకి చాలా ఎక్కువే వస్తుంది. తక్కువొస్తే తడినో, గీరుకుపోయిన వైరునో వెతకండి. ఆర్‌సీసీబీ పడిపోతూ ఉంటే, రెండు సర్క్యూట్ల న్యూట్రల్స్ ఒక బాక్సులో కలిసిపోయాయేమో ముందు చూడండి, పాత ఇళ్లలో ఇది తరచూ జరుగుతుంది.

గచ్చు పూయకముందే ప్రతి గాడి పక్కన కొలత టేపు పట్టి ఫోటో తీసి ఉంచుకోండి.