మిరప ఆకుముడత పేజీలో కీవర్డ్ ఎన్నిసార్లు రాయాలి?

పెరటిమిరప:
మిద్దెతోటల మీద తెలుగులో సైట్ నడుపుతున్నాను. మిరప ఆకుముడత గురించి 600 పదాల వ్యాసం పెడితే ఎస్‌ఈవో ప్లగిన్ (గూగుల్‌లో పేజీ పైకి రావడానికి సలహాలిచ్చే టూల్) కీవర్డ్ డెన్సిటీ, అంటే మొత్తం పదాల్లో ఆ మాట శాతం, తక్కువ అంటోంది. "మిరప ఆకుముడత నివారణ" అని ఎన్నిసార్లు రాయాలి? "మిర్చి ముడత", "మిరప ఆకు ముడత", ఇంగ్లిష్ అక్షరాల్లో కొట్టే తెలుగు, వీటికి వేరే పేజీలు కావాలా? పేజీ మీద కనిపించకుండా కోడ్‌లో ఉండే మెటా కీవర్డ్స్ ట్యాగ్‌లో అన్నీ నింపేస్తే సరిపోతుందా?

వెతుకులాట:
మెటా కీవర్డ్స్ ట్యాగ్‌ను ర్యాంకింగ్‌కు వాడటం లేదని గూగుల్ 2009లోనే ప్రకటించిందండి. ఖాళీగా వదిలేయండి.

డెన్సిటీకి ఫలానా శాతం అంటూ ఏమీ లేదు. ప్లగిన్ చూపించే పచ్చరంగు దాన్ని తయారు చేసినవాళ్ల లెక్క, గూగుల్‌ది కాదు. ఆ రంగు కోసం ఒకే మాటను ఇరవైసార్లు దూరిస్తే చదివేవాళ్లు రెండో పేరాలోనే వెళ్లిపోతారు. పైగా ఇలా దూర్చడం, అంటే కీవర్డ్ స్టఫింగ్ అనేది గూగుల్ స్పామ్ నిబంధనల్లో పేరుతో సహా ఉంది. టైటిల్‌లో, హెచ్1లో (పేజీ ప్రధాన శీర్షికలో), మొదటి రెండు మూడు వాక్యాల్లో ఆ మాట ఉండాలి. మిగతాచోట్ల దానంతటది వస్తే రానివ్వండి. ఫొటో ఆల్ట్‌లో (ఫొటోకు కోడ్‌లో ఇచ్చే వివరణలో) కీవర్డ్ కాదు, ఫొటోలో ఏముందో రాయాలి: "అంచులు పైకి ముడుచుకున్న మిరప లేత ఆకులు".

అసలు పని వేరే ఉంది. ఈ మాట కొట్టే మనిషి కుండీ ముందు నిలబడి, ముడుచుకున్న ఆకు చూసి వెతుకుతున్నారు. పైముడతకు సాధారణంగా తామర పురుగులు కారణం, కింది ముడతకు నల్లి. నల్లి కీటకం కాదు కాబట్టి మామూలు పురుగుమందులు చాలావరకు దాని మీద పనిచేయవు. అందుకే "ఆకులు పైకి ముడుచుకుంటే", "ఆకులు కిందికి ముడుచుకుంటే" అని రెండు ఉపశీర్షికలు పెట్టండి. జనం వెతికే మాటలు కూడా దాదాపు అవే. ఇన్‌కాగ్నిటో విండోలో "మిరప ఆకులు" అని కొట్టి ఆగండి. కింద వచ్చే సూచనల్లో ఇంకేం అడుగుతున్నారో కనిపిస్తుంది.

అక్షరదారి:
తెలుగు సంగతి నేను చెబుతాను. "ఆకుముడత" అని కలిపి రాసేవాళ్లున్నారు, విడదీసి రాసేవాళ్లున్నారు, "మిర్చి" అనేవాళ్లున్నారు. అందరికీ కావలసింది ఒకే జవాబు కాబట్టి ఒకే పేజీ చాలు. టైటిల్‌లో ఒక రూపం పెట్టి, మిగతావి వాక్యాల్లో సహజంగా ఒక్కోసారి రానివ్వండి. ఇంగ్లిష్ అక్షరాల రూపాలన్నీ పేజీ అడుగున కుప్ప పోయడం, తెల్ల అక్షరాల్లో దాచడం మాత్రం వద్దే వద్దు.

యూఆర్‌ఎల్ తెలుగులో ఉన్నా గూగుల్‌కు ఇబ్బంది లేదు. కానీ కాపీ చేస్తే చాలాచోట్ల ఒక్కో గుర్తు తొమ్మిది అక్షరాలుగా మారుతుంది. "మిరప"లో గుడితో కలిపి నాలుగు గుర్తులు, అంటే 36 అక్షరాలు. వాట్సాప్‌లో పంపితే లింకు చూడగానే అనుమానం వచ్చేలా ఉంటుంది. ఇంగ్లిష్ అక్షరాల్లో రెండు పదాల చిన్న యూఆర్‌ఎల్ మేలు. అయితే ఇప్పటికే ఉన్న పేజీల యూఆర్‌ఎల్‌లను దీనికోసం మార్చకండి.

పెరటిమిరప:
ఆకుముడత మీదే ఇలా వేర్వేరు రూపాలతో ఇప్పటికే నాలుగు పేజీలున్నాయండి. తీసేయాలా?

కన్సోల్‌కన్ను:
ఊరికే డిలీట్ చేయొద్దు. సెర్చ్ కన్సోల్‌లో (సైట్ నడిపేవాళ్లకు గూగుల్ ఇచ్చే టూల్) పెర్ఫార్మెన్స్ తెరిచి, క్వెరీ (జనం వెతికిన మాట) ఫిల్టర్‌లో "ముడత" అని పెట్టి, పేజెస్ ట్యాబ్ చూడండి. ఇంప్రెషన్లు (ఫలితాల్లో ఎన్నిసార్లు కనిపించిందో ఆ లెక్క) నాలుగింటికీ చీలిపోయి ఉంటే, ఎక్కువ క్లిక్కులు వచ్చే పేజీని ఉంచుకోండి. మిగతావాటిలో పనికొచ్చే పేరాలు, ఫొటోలు అందులోకి తెచ్చి, ఆ పాత యూఆర్‌ఎల్‌లను నేరుగా ఈ పేజీకే 301 రీడైరెక్ట్ (శాశ్వత దారి మళ్లింపు) చేయండి. హోమ్‌పేజీకి తిప్పితే గూగుల్ దాన్ని సాఫ్ట్ 404గా, అంటే అసలు పేజీ లేనట్టుగా, తీసుకోవచ్చు. రీడైరెక్ట్‌లను కనీసం ఏడాది ఉంచాలి. సైట్ లోపలి పాత లింకులు కూడా మార్చండి, ఇది చాలామంది మరిచిపోతారు.

కలిపేముందు ఒకటి చూసుకోండి: నాలుగింటిలో ఏదైనా జెమినీ వైరస్ గురించి అయితే దాన్ని విడిగానే ఉంచండి. అది తెల్లదోమ వల్ల వ్యాపిస్తుంది, సోకిన మొక్కకు మందు లేదు, పీకేయాలి. చూడటానికి ముడతే అయినా జవాబు వేరు, కాబట్టి పేజీ కూడా వేరు. రెండు పేజీల్లోనూ తేడా ఎలా గుర్తుపట్టాలో రాసి, ఒకదానికొకటి లింకు ఇవ్వండి.

మార్చాక కొన్ని వారాలు ఆగి, ముందటి 28 రోజులతో పోల్చండి. సగటు స్థానం 8 నుంచి 20 మధ్య ఉన్న క్వెరీలను ముందు పట్టుకోండి. వాటికి పేజీలో సూటిగా జవాబుందా అని చూసి, లేకపోతే ఆ జవాబు రాయండి. స్థానం బాగుండి క్లిక్కులు రాకపోతే మార్చాల్సింది టైటిల్.